45 గజాలు! కూపర్ రష్‌తో ఇంకెన్నాళ్లు ఓపిక పట్టాలి?

మిర్చిబజ్జీ_ప్లేనో | 2024 నవంబర్ 10, రాత్రి 8:52
ఆర్లింగ్టన్‌లో మన డాలస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి ఇప్పుడే ఇల్లు చేరా. టికెట్‌కీ పార్కింగ్‌కీ ఎంత తగలేశానో మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఫిలడెల్ఫియా ఈగల్స్ 34, మనం 6. ఓడిపోవడం ఈ సీజన్‌లో కొత్తేం కాదు. కానీ మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు, క్యూబీ) కూపర్ రష్ 23 పాస్‌లు వేసి, 13 అందించి, సంపాదించింది మొత్తం 45 గజాలు. వేసిన పాస్‌కి సగటున రెండు గజాలు కూడా లేవు. బంతి చంకలో పెట్టుకుని ముందుకి బోర్లా పడినా అంతకన్నా ఎక్కువ వస్తుంది.

మన మొదటి క్యూబీ డాక్ ప్రెస్కాట్ అట్లాంటాలో తొడ పట్టుకుని వెళ్లిపోయాడు, అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ బెంచి మీద ఇంకో క్యూబీ ట్రే లాన్స్ ఉన్నాడుగా? 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) మూడో నంబరు వాడు. నాలుగో రౌండ్ పిక్ (ఎంచుకునే వంతు) ఇచ్చి మరీ తెచ్చుకున్నాం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు ఆడిస్తారు? రష్‌తో ఓపిక పట్టాలనే వాళ్లు వచ్చి ఎందుకో చెప్పండి.

ఫిల్లీ_ఫణి | నవంబర్ 10, రాత్రి 9:03
ఓపిక పట్టండి అన్నా. ఇంకో పదేళ్లు పట్టండి. మాకేం తొందర లేదు.

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 10, రాత్రి 9:20
ఫణీ, నువ్వు ఫిలడెల్ఫియాలో ఉన్నావు కాబట్టి బతికిపోయావు.

మిర్చీ, లాన్స్‌ని కూడా ఈరోజే చూశాం కదయ్యా. చివర్లో దింపారు. 6 వేసి 4 అందించాడు, 21 గజాలు, ఒక ఇంటర్‌సెప్షన్ (పాస్ అవతలివాళ్లకి చిక్కడం). ఆగస్టులో ఛార్జర్స్‌తో ప్రాక్టీస్ మ్యాచ్ గుర్తుందా? ఒక్క ఆటలో ఐదు ఇంటర్‌సెప్షన్లు. అవతల ఆడిందీ బెంచి ఆటగాళ్లే. రష్ బాగా ఆడుతున్నాడని నేను అనడం లేదు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటున్నా, అంతే.

వైజాగ్_వాసు | నవంబర్ 10, రాత్రి 9:41
ఇక్కడ పొద్దున్న తొమ్మిది దాటింది. తెల్లవారుజామున మూడింటికి లేచి ఈ దరిద్రం చూసి, ఇప్పుడు ఆఫీసుకి బయల్దేరుతున్నా. ఒక డౌట్. డాక్‌ది హ్యామ్‌స్ట్రింగే (తొడ వెనక కండరం) కదా? మన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసినా 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా టెస్టు డ్రా చేసుకొచ్చాడు. నాలుగేళ్లకి 240 మిలియన్ల కాంట్రాక్టు ఉన్నవాడు ఇంటికెళ్లి కూర్చోవడం ఏంటి?

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 10, రాత్రి 9:55
వాసూ, విహారికి పరుగెత్తే పని లేదు. నిలబడి కాచుకుంటే చాలు. అదే గొప్ప, కాదనను. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్ మీదకి 130 కిలోల మనుషులు పరుగెత్తుకొస్తారు. పైగా డాక్‌ది పట్టేయడం కాదు, కండరం ఎముక దగ్గర ఊడొచ్చిందంటున్నారు. ఆపరేషన్ దాకా వెళ్లేటట్టుంది.

శ్రుతి_పెట్టె | నవంబర్ 11, ఉదయం 6:30
నేను సాధారణంగా చదివి వెళ్లిపోయేదాన్ని. నిన్న మావారి పుణ్యమా అని స్టేడియంకి వచ్చాను కాబట్టి ఒక మాట.

రెండో క్వార్టర్‌లో మన రిసీవర్ (పాస్ అందుకునేవాడు) సీడీ లాంబ్‌కి ఎండ్‌జోన్‌లోకి, అంటే మైదానం చివరి పట్టీలోకి, రష్ పాస్ వేశాడు చూశారా? ఆ వేళకి పడమటి అద్దాల్లోంచి ఎండ సూటిగా ఫీల్డ్ మీద పడుతోంది. మా వరసలో అందరం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం. ముందు సీటాయన తినే నాచోస్ ట్రేని గొడుగులా పట్టుకున్నాడు. బంతి తన మీదకే వస్తోందని కూడా సీడీకి తెలియలేదు. పక్కన పడ్డాక చూశాడు. అది పట్టి ఉంటే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. టీవీలో చూసినవాళ్లకి మాత్రం రష్ ఖాతాలో ఇంకో తప్పిన పాస్.

ఆ 45లో ఇదీ ఉంది. అతను బాగా ఆడాడని కాదు.

మిర్చిబజ్జీ_ప్లేనో | నవంబర్ 11, ఉదయం 7:15
అక్కా, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఆ ఎండ ఈగల్స్ వాళ్ల కళ్లలో పడలేదా?

ఫ్రిస్కో_ఫ్యాన్ | నవంబర్ 11, ఉదయం 8:02
2009లో కట్టినప్పటి నుంచి ఎండ గొడవ ఉన్నదే. కర్టెన్లు వేయించండి అంటే జట్టు యజమాని జెర్రీ జోన్స్ ఇంతెత్తున లేచాడు, ఏకంగా స్టేడియమే కూలగొట్టి ఇంకోటి కట్టుకుందామా అని. కచేరీలకి మాత్రం కర్టెన్లు దిగుతాయి!

అసలు విషయానికొస్తే, ఇందులో రష్‌దీ లాన్స్‌దీ తప్పు లేదు. వారం అంతా ప్రాక్టీసులో అసలు టీంతో కలిసి ఆడేది మొదటి క్యూబీ ఒక్కడే. రెండోవాడి పని ఏంటంటే, వచ్చే ఆదివారం ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో అలా నటిస్తూ మన డిఫెన్స్‌కి పాస్‌లు వేయడం. సీడీ ఏ అడుగు దగ్గర తిరుగుతాడు, ఫెర్గూసన్ ఎంత ఎత్తు బంతి ఇష్టపడతాడు అన్నవి వందల సార్లు కలిసి చేస్తేనే చేతికి వస్తాయి. రిసీవర్ తిరగక ముందే బంతి చెయ్యి దాటాలి. ఒక్క అరక్షణం ఆలోచించినా అయిపోయింది. నిన్న రష్ ఆ అరక్షణం ప్రతిసారీ ఆలోచించాడు.

కాబట్టి మూడు వారాలు చూడాలి. ఒక వారంలో తేలేది కాదు.

చార్మినార్_చౌరస్తా | నవంబర్ 12, సాయంత్రం 6:10
డాక్‌కి ఆపరేషనేనంట, సీజన్ ఖతం. ఇగ ఓపిక దేనికి భాయ్? 3 గెలుపులు, 6 ఓటములు. డ్రాఫ్ట్‌ల ఎక్కువ ఓడినోళ్లకే ముందు వంతు, అన్నీ ఓడిపోతే మంచి నంబర్ వస్తది. రష్ గెలిపిస్తే మనకే లాస్. నేనైతే రష్ ఎంత చెడ్డగ ఆడితే అంత ఖుష్.

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 12, సాయంత్రం 6:32
చౌరస్తా తమ్ముడూ, 2015లో ఇదే పాట విన్నా. అప్పటి మన క్యూబీ రోమో కాలర్‌బోన్ విరిగాక వీడెన్, క్యాసెల్, కెల్లెన్ మూర్ అని ముగ్గుర్ని మార్చారు. రోమో లేకుండా ఆడిన 12 మ్యాచుల్లో గెలిచింది ఒకటి. వారానికో మనిషిని మారిస్తే అంతే. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు.

చార్మినార్_చౌరస్తా | నవంబర్ 12, సాయంత్రం 6:40
దాని ఎన్కనే 2016ల డాక్ దొరికిండు కద బాబాయ్! నాలుగో రౌండ్ల. రోమోకి మళ్లీ దెబ్బ తగిలితే దిగిండు, 13 గెలిచిండు. కొత్తోన్ని దింపితేనే తెలుస్తది. లాన్స్ గట్లనే కావచ్చు.

ఫిల్లీ_ఫణి | నవంబర్ 12, రాత్రి 7:05
బ్యాకప్‌ల గురించి మాట్లాడుకుంటూ మమ్మల్ని పిలవలేదేంటి? 2017 డిసెంబర్‌లో మా క్యూబీ వెంట్జ్ మోకాలు పోయింది. నిక్ ఫోల్స్ దిగాడు. మామూలు సీజన్ చివరి ఆటలు చూస్తే మేమూ ఏడ్చాం. తర్వాత ఫైనల్లో ప్యాట్రియట్స్ మీద 41–33, సూపర్ బౌల్, ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు). అయితే ఒకటి, ఫోల్స్‌కి మా కోచ్ ఆటే మార్చేశాడు. వెంట్జ్ ఆట ఫోల్స్ చేత ఆడించలేదు. మీ కోచ్ మెకార్తీ ఆ పని చేస్తాడా?

మిర్చిబజ్జీ_ప్లేనో | నవంబర్ 18, రాత్రి 11:20
చేయడు. ఇదిగో సాక్ష్యం. టెక్సన్స్ 34, మనం 10. సొంత గడ్డ మీద ఐదుకి ఐదూ ఓటములే. ఆటకి ముందు స్టేడియం కప్పు తెరవబోతే ఇనుప ముక్క ఊడి ఫీల్డ్ మీద పడింది. శకునం అప్పుడే తెలిసిపోయింది.

ఫ్రిస్కో_ఫ్యాన్ | నవంబర్ 18, రాత్రి 11:34
కానీ రష్ అంకెలు చూడు: 354 గజాలు. టర్పిన్‌కి 64 గజాల టచ్‌డౌన్. వారం క్రితం 45, ఇప్పుడు 354. నేను చెప్పానుగా.

మిర్చిబజ్జీ_ప్లేనో | నవంబర్ 18, రాత్రి 11:37
55 పాస్‌లు వేస్తే ఎవరికైనా వస్తాయి. చివరికి స్కోరు బోర్డు మీద పదే.

వైజాగ్_వాసు | నవంబర్ 19, ఉదయం 12:50
మన కిక్కర్ ఆబ్రీ 64 గజాల ఫీల్డ్ గోల్ తన్నాడు, గోల్ స్తంభాల మధ్య పడింది కూడా. మూడు పాయింట్లు వెనక్కి ఇచ్చేసి మళ్లీ ఆడారెందుకు? నాకు అర్థం కాలేదు.

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 19, ఉదయం 6:15
ఎవరికీ అర్థం కాలేదు నాయనా. టెక్సన్స్ తప్పు చేశారు, పెనాల్టీ తీసుకుంటే ఇంకొంచెం ముందుకెళ్లి నాలుగో డౌన్ (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది) ఆడొచ్చు. మెకార్తీ ఆశపడ్డాడు. ఆ నాలుగో డౌన్ దక్కలేదు, ఉన్న మూడూ పోయాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అనేది.

శ్రుతి_పెట్టె | నవంబర్ 19, ఉదయం 9:40
మిర్చి తమ్ముడు తెలియకుండానే అసలు మాట అన్నాడు. 55 పాస్‌లు.

మా నాన్న పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి పదికి మొదలైతే తెల్లారేది. నా చిన్నప్పుడు ఒకసారి కృష్ణుడి వేషం వేసే ఆయనకి గొంతు పోయింది. వేడినీళ్లు, మిరియాలు, ఏం చేసినా మాట పెగల్లేదు. రెండో ఆయన్ని వేషం కట్టించి నిలబెట్టారు. అసలాయన పాడేది మంచి ఎత్తు శ్రుతి. ఈయన మొదటి పద్యం అదే శ్రుతిలో ఎత్తుకుని పై షడ్జం దగ్గర గొంతు చీలిపోయింది. జనం ఈలలు. వెనక నుంచి ఎవరో దిగరా అని అరిచారు. నాన్న ఏం మాట్లాడలేదు. రెండో పద్యానికి ముందు పెట్టె మీద వేళ్లు రెండు మెట్లు కిందకి జరిపి, ఆయన వైపు చూసి తలూపారు. అంతే. నాటకం నడిచింది. వన్స్‌మోర్‌లు పడలేదు, కానీ తెల్లారేదాకా ఎవరూ లేవలేదు.

రష్‌ని డాక్ శ్రుతిలో పాడిస్తున్నారు. 2022లో డాక్ బొటనవేలు విరిగినప్పుడు ఇదే రష్ ఐదు మ్యాచుల్లో నాలుగు గెలిచాడు. ర్యామ్స్ మీద వేసిన పాస్‌లు ఎన్నో తెలుసా? 16. గజాలు 102. స్కోరు 22–10, గెలుపు. తర్వాతి వారం ఫిలడెల్ఫియాలో 38 వేయించారు, మూడు ఇంటర్‌సెప్షన్లు, ఓటమి. మనిషి అతనే, చెయ్యి అదే.

ఫిల్లీ_ఫణి | నవంబర్ 19, ఉదయం 9:58
అక్కా, ఆ ఫిలడెల్ఫియా మ్యాచ్‌కి నేను వెళ్లా. మీ కథ విన్నాక వెక్కిరించాలని లేదు. ఈ ఒక్కరోజే.

ఫ్రిస్కో_ఫ్యాన్ | నవంబర్ 19, ఉదయం 10:25
కథ బాగుందండీ, కానీ లెక్క పూర్తిగా కుదరలేదు. 2021 అక్టోబర్ 31, మిన్నెసోటా. అతని మొదటి స్టార్ట్. 40 వేశాడు, 24 అందాయి, 325 గజాలు. చివరి నిమిషంలో అమారీ కూపర్‌కి టచ్‌డౌన్ వేసి 20–16తో గెలిపించాడు. మరి అప్పుడు ఎత్తు శ్రుతిలోనే పాడాడుగా?

శ్రుతి_పెట్టె | నవంబర్ 19, ఉదయం 11:02
అది నిజమే. ఆ మ్యాచ్ నాకు గుర్తు రాలేదు. అయితే అప్పుడు క్యూబీకి కాపు కాసే ముందు లైనూ గట్టిది, పరుగు ఆటా ఉంది. ఇప్పుడు బంతి పట్టుకుని పరుగెత్తేవాడు మూడు గజాలు వెళ్తే చప్పట్లు కొడుతున్నాం. పక్క వాయిద్యం లేకుండా ఒక్కడే గొంతెత్తితే ఎలా ఉంటుందో అలా ఉంది. అయినా మీరన్నది కాదనలేను.

చార్మినార్_చౌరస్తా | నవంబర్ 19, మధ్యాహ్నం 1:15
శ్రుతి గిట్ల అన్నీ ఓకే, లాన్స్ సంగతి ఎవ్వరు చెప్తలేరు. మార్చిల ఆయన కాంట్రాక్ట్ అయిపోతది. ఆడియ్యకుండ పంపిస్తే నాలుగో రౌండ్ పిక్ మూసీల కలిసినట్టే. రష్ ఏందో మనకి ఏడేండ్ల సంది ఎర్కనే. తెల్వనోన్నే కద పరీక్ష చెయ్యాలె?

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 19, మధ్యాహ్నం 2:40
ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట. ఇన్ని పోస్టుల్లో చౌరస్తాతో నేను ఏకీభవించడం ఇదే మొదలు. కాకపోతే డ్రెస్సింగ్ రూంలో మిగతా 50 మంది ఉన్నారు తమ్ముడూ. వాళ్లలో చాలామందికి ఈ ఏడే కాంట్రాక్టు. నీ పరీక్ష కోసం వాళ్లు ఎందుకు దెబ్బలు తినాలి? ఈ వారం గెలిపించే అవకాశం ఎవరికి ఎక్కువుందో వాణ్నే కోచ్ దింపుతాడు. 2017లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని పిల్లాడు, సెంట్రల్ మిషిగన్ నుంచి వచ్చి ఇన్నేళ్లు నిలిచాడంటే ఆ గదిలో వాళ్లకి ఏదో కనిపించే ఉంటుంది.

మోడరేటర్ | నవంబర్ 20, ఉదయం 8:00
జీతాల గురించి, ఆటగాళ్ల భార్యల గురించి పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. ఆట గురించి ఎంతైనా తిట్టుకోండి.

మిర్చిబజ్జీ_ప్లేనో | నవంబర్ 24, సాయంత్రం 4:05
ఈరోజు మా వాళ్లందరితో పార్కులో కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు ఎలాగూ దొరకదు కాబట్టి ఓక్ చెట్టు కింద కుండీలో ఉసిరి మొక్క పెట్టి దణ్ణం పెట్టాం. పంక్తిలో పులిహోర వడ్డిస్తూ ఒక చేతిలో ఫోను. వాషింగ్టన్‌లో ఆట. వాళ్లు కొట్టి దగ్గరికొచ్చారు, వెంటనే టర్పిన్ కిక్‌ఆఫ్ (వాళ్లు తన్ని పంపిన బంతి) పట్టుకుని 99 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. నా గరిటె ఎవరి విస్తట్లో పడిందో తెలియదు. తీరా అయిపోయిందనుకుంటే వాళ్ల క్యూబీ డేనియల్స్ 86 గజాల టచ్‌డౌన్ పాస్ వేశాడు. 27–26. ఒక్క పాయింట్ కిక్ కొడితే సమం. ఆ కిక్కర్ తప్పాడు! తర్వాత వాళ్లు కొట్టిన ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కాలని పొట్టిగా తన్నేది) కూడా మనవాడు పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. 34–26.

రష్ సంగతి అడుగుతారని ముందే చెబుతున్నా. 32 వేసి 24 అందించాడు. రెండు టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్ లేదు. శ్రుతి అక్కకి నమస్కారం. కానీ ఒక్క మ్యాచ్. ఇల్లు అలకగానే పండగ కాదు.

చార్మినార్_చౌరస్తా | నవంబర్ 24, సాయంత్రం 4:20
డ్రాఫ్ట్ నంబర్ పాయె.

వైజాగ్_వాసు | నవంబర్ 24, సాయంత్రం 4:31
చౌరస్తా అన్నా, టర్పిన్ పరుగెత్తినప్పుడు నువ్వు అరిచావా లేదా? నిజం చెప్పు.

చార్మినార్_చౌరస్తా | నవంబర్ 24, సాయంత్రం 4:33
అరిసిన. అది వేరే ముచ్చట.

లూయిస్‌విల్_బాబాయ్ | నవంబర్ 28, రాత్రి 8:15
థాంక్స్‌గివింగ్ శుభాకాంక్షలు. జెయింట్స్ మీద 27–20. ఈ సీజన్‌లో సొంత గడ్డ మీద మొదటి గెలుపు. డౌడిల్ 112 గజాలు పరుగెత్తాడు. శ్రుతమ్మ అడిగిన పక్క వాయిద్యం దొరికింది.

ఈ పండక్కీ మన బ్యాకప్‌లకీ ఏదో లంకె ఉంది. 1974లో మన క్యూబీ స్టాబాక్‌కి తలకి దెబ్బ తగిలితే క్లింట్ లాంగ్లీ అనే కొత్త కుర్రాడు దిగి, చివర్లో డ్రూ పియర్సన్‌కి 50 గజాల పాస్ వేసి వాషింగ్టన్‌ని 24–23తో ఓడించాడు. 1994లో ఐక్‌మన్ లేకపోతే జేసన్ గ్యారెట్ ప్యాకర్స్ మీద 42 పాయింట్లు కొట్టించాడు. అయితే లాంగ్లీ కథ అక్కడితో ఆగలేదు. రెండేళ్లకి అదే స్టాబాక్‌ని గుద్ది, జట్టు నుంచి పోయాడు. బ్యాకప్‌ని నెత్తిన పెట్టుకునే ముందు అది కూడా గుర్తుంచుకోండి.

ఫ్రిస్కో_ఫ్యాన్ | నవంబర్ 28, రాత్రి 8:40
రష్ ఎవర్నీ గుద్దడు. ఇంటర్వ్యూలో కూడా గొంతు పెంచడు. మా ఇంట్లో టర్కీ ఇంకా ఓవెన్‌లోనే ఉంది, గోంగూర మటన్ అయిపోయింది.

మిర్చిబజ్జీ_ప్లేనో | డిసెంబర్ 9, రాత్రి 11:05
బెంగాల్స్ 27, మనం 20. మాట్లాడే ఓపిక లేదు. రెండు నిమిషాలుంది, 20–20. వాళ్ల పంట్‌ని (బంతిని దూరంగా తన్నేయడం) మనవాళ్లు చేత్తో అడ్డుకున్నారు! మా లివింగ్ రూంలో అందరం గాల్లో ఉన్నాం. కిందకి దిగేలోపు ఆ బంతిని మనవాడు పట్టబోయి జారవిడిచాడు, వాళ్లు తీసుకున్నారు. జమార్ ఛేజ్ టచ్‌డౌన్. ఒక నిమిషం మిగిలింది, అయిపోయింది.

ఇంకోటి. నెల క్రితం ఈ థ్రెడ్ రష్‌ని తిట్టడానికే పెట్టా. ఈరోజు పడుకోబోతుంటే గుర్తొచ్చింది, రాత్రంతా అతని పేరు నా నోట ఒక్కసారి కూడా రాలేదు.

శ్రుతి_పెట్టె | డిసెంబర్ 9, రాత్రి 11:12
హార్మోనియం వాళ్ల పేరు కూడా ఎవరూ ఎత్తరు తమ్ముడూ.

వైజాగ్_వాసు | డిసెంబర్ 9, రాత్రి 11:30
ఒక్కటి అడుగుతా, కోప్పడొద్దు. అడ్డుకున్న ఆ బంతిని ఎవరూ ముట్టుకోకుండా అలా వదిలేసి ఉంటే ఎవరిది అయ్యేది?

లూయిస్‌విల్_బాబాయ్ | డిసెంబర్ 9, రాత్రి 11:34
మనది.

వైజాగ్_వాసు | డిసెంబర్ 9, రాత్రి 11:35
ఊరికే నిలబడితే చాలా?

లూయిస్‌విల్_బాబాయ్ | డిసెంబర్ 9, రాత్రి 11:35
పడుకో వాసూ.